హరిపురాకు రేఖల తోరణం కట్టిన చిత్రాచార్యుడు: నందలాల్ బోస్ జీవితం

1938 ఫిబ్రవరిలో సూరత్ జిల్లాలోని హరిపురా గ్రామం దేశమంతటి దృష్టినీ తనవైపు తిప్పుకుంది. బార్డోలి ప్రాంతంలో, తపతీ నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పల్లెలో భారత జాతీయ కాంగ్రెస్ 51వ మహాసభ జరిగింది. అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్. 51 ఎడ్లు పూన్చిన రథంపై ఆయనను ఊరేగింపుగా తీసుకువచ్చారు. సభకోసం వెలసిన తాత్కాలిక నగరానికి విఠల్‌భాయ్ పటేల్ పేరిట విఠల్‌నగర్ అని పేరు పెట్టి, 51 ద్వారాలు నిలిపారు.

రాజకీయ చరిత్ర ఆ సభను అక్కడి చర్చలు, తీర్మానాల ద్వారా గుర్తుంచుకుంది. కళాచరిత్ర మాత్రం ఆ ద్వారాలకు, విడిదులకు, పందిళ్లకు వేలాడదీసిన బొమ్మల ద్వారా గుర్తుంచుకుంది. దుక్కి దున్నే రైతు, డోలు వాయించే కళాకారుడు, ఇంటి పనిలో నిమగ్నమైన స్త్రీ, పనిముట్టు పట్టిన చేతివృత్తివారు, ఎద్దులు, మేకలు ఆ బొమ్మలలో కొలువుతీరారు. కొద్ది రంగులు, బలమైన కుంచె గీతలు తప్ప వాటిలో ఆడంబరమేమీ లేదు. వాటి రూపకర్త శాంతినికేతన్‌లోని కళాభవన్ అధ్యక్షుడు నందలాల్ బోస్. ఆయనతోపాటు ఆ పనిలో చేయి కలిపినవారు కళాభవన్ కళాకారులు, విద్యార్థులు. ఒక గురువు జీవితమంతా గీతపై చేసిన సాధన, శిష్యుల చేతుల మీదుగా ఒక పల్లెటూరి జనసందోహం ముందుకు వచ్చిన సందర్భమది.

పరీక్షలు తప్పిన విద్యార్థి

నందలాల్ బోస్ 1882 డిసెంబర్ 3న నేటి బిహార్‌లోని ముంగేర్ జిల్లా ఖరగ్‌పూర్‌లో జన్మించారు. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి బొమ్మలు చేయడంలో, సూదిపనిలో నేర్పరి. ఆమె నందలాల్ బాల్యంలోనే కన్నుమూశారు. ఊరి కుమ్మరులు మట్టితో దేవతామూర్తులను తీర్చిదిద్దడాన్ని గంటల తరబడి చూడటం ఆ బాలుడికి ఇష్టమైన కాలక్షేపం. పండుగలకు పందిళ్లు అలంకరించడం, మట్టి ముద్దలతో బొమ్మలు చేయడం ఆయన తొలి పాఠాలయ్యాయి.

16వ ఏట చదువుకోసం కలకత్తా చేరారు. 1903లో సుధీరాదేవితో వివాహమైంది. కళాశాల చదువు మాత్రం సాగలేదు. ఒకటికి రెండుసార్లు పరీక్షలు తప్పారు. బంధువుల కోరికపై వాణిజ్యశాస్త్ర తరగతిలో చేరినా మనసు బొమ్మలమీదే నిలిచింది. పుస్తకాలకు కేటాయించవలసిన డబ్బు, సమయం రెండూ చిత్రాల నకళ్లు తీయడానికే పోయేవి. ఐరోపా చిత్రాల అచ్చుప్రతులను చూసి గీయడం ఆ రోజుల్లో బొమ్మలు నేర్చుకోదలచిన యువకులందరికీ తెలిసిన ఏకైక మార్గం. నందలాల్ కూడా ఆ మార్గంలోనే నడిచారు.

1905లో ఆయన తాను వేసిన బొమ్మలు చేతపట్టుకుని కలకత్తా ప్రభుత్వ కళాపాఠశాలలో అవనీంద్రనాథ్ ఠాగూర్‌ను కలుసుకున్నారు. అప్పటికి ఆ పాఠశాలలో ప్రిన్సిపాల్ ఇ.బి. హేవెల్, అవనీంద్రనాథ్ కలిసి పాశ్చాత్య పద్ధతుల స్థానంలో భారతీయ చిత్రసంప్రదాయాన్ని బోధనలోకి తెస్తున్నారు. అది బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా స్వదేశీ ఉద్యమం రగులుతున్న సంవత్సరం కూడా. స్వదేశీ వస్త్రం గురించి వీధుల్లో మాట్లాడుకుంటున్నప్పుడు స్వదేశీ చిత్రకళ ఎలా ఉండాలన్న ప్రశ్న ఆ తరగతి గదిలో తలెత్తింది. నందలాల్ తన శేషజీవితమంతా ఆ ప్రశ్నకు సమాధానం వెతికారు.

అజంతా గోడల ముందు

అవనీంద్రనాథ్ వద్ద నందలాల్ నేర్చుకున్నది నీటిరంగులను పలుచని పొరలుగా పరచి, మధ్యమధ్య కాగితాన్ని నీటితో తడుపుతూ మృదువైన మసక కాంతిని సాధించే పద్ధతి. అందులో గీత సన్నగా, సుకుమారంగా, రంగులో సగం కరిగిపోయినట్లు ఉంటుంది. ఆ శైలిలో వేసిన సతీదేవి చిత్రానికి ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ 1908 ప్రదర్శనలో 500 రూపాయల బహుమతి లభించింది. ఆ డబ్బును నందలాల్ దేశయాత్రకు వెచ్చించి, ఆలయాలను, శిల్పాలను చూసి వచ్చారు.

ఆయన గీతకు వెన్నెముకనిచ్చినది అజంతా. బ్రిటిష్ చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ అజంతా కుడ్యచిత్రాలకు ప్రతులు తీసే పనికి పూనుకున్నప్పుడు, సిస్టర్ నివేదిత చొరవతో నందలాల్, అసిత్ కుమార్ హల్దార్ 1909-10 శీతకాలంలో అక్కడికి వెళ్లారు. అజంతా అప్పుడు నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో భాగం. హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, ఫజ్లుద్దీన్ అనే చిత్రకారులు కూడా ఆ బృందంలో పనిచేశారు.

చీకటి గుహల్లో, శిథిలమవుతున్న గోడలపై ఉన్న గీతను కాగితం మీదికి తెచ్చే ప్రయత్నంలో నందలాల్‌కు ఒక విషయం బోధపడింది. అజంతా చిత్రకారుడి గీత కేవలం రూపానికి సరిహద్దు కాదు. భుజం వద్ద అది నిండుగా సాగుతుంది. మోచేతి వంపులో బరువు పుంజుకుంటుంది. వేలి కొసకు వచ్చేసరికి దారంలా సన్నబడుతుంది. వెలుగునీడల సాయం అంతగా లేకుండానే ఆ గీత ఒక్కటే శరీరానికి గుండ్రదనాన్ని, చర్మానికి మృదుత్వాన్ని, చూపుకు కరుణను ఇస్తుంది. ప్రాచీన చిత్రశాస్త్ర గ్రంథమైన విష్ణుధర్మోత్తరం రంగులకన్నా రేఖకే ఆచార్యుల ప్రశంస దక్కుతుందని ఎందుకు చెప్పిందో ఆ గోడల ముందు నిలబడిన యువకుడికి అర్థమైంది. 1921లో గ్వాలియర్ సంస్థానంలోని బాగ్ గుహల చిత్రాలకు ప్రతులు తీసే అవకాశం కూడా ఆయనకు లభించింది.

తూర్పు దేశాల నుంచి మరొక పాఠం అందింది. 1916లో జపాన్ చిత్రకారుడు అరాయ్ కంపో కలకత్తా వచ్చి జొరాసాంకోలోని ఠాగూర్ల భవనంలో ఉన్న కాలంలో నందలాల్ ఆయన వద్ద సిరా, కుంచెల మెలకువలు గ్రహించారు. 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ వెంట బర్మా, చైనా, జపాన్ పర్యటించారు. అక్కడి చిత్రకారుడు కుంచెను కాగితంపై ఆనించిన క్షణం నుంచి ఎత్తే వరకు జరిగే కదలిక అంతా గీతలో నిలిచిపోతుంది. తడి కుంచె ఒక విధంగా, ఆరిన కుంచె మరొక విధంగా మాట్లాడుతుంది. వేసిన గీతను చెరిపి దిద్దుకునే వీలుండదు. అజంతా నేర్పిన నిండుదనానికి ఈ వేగం తోడైంది.

శాంతినికేతన్ పిలుపు

రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో శాంతినికేతన్‌లో కళాభవన్ స్థాపించారు. అక్కడికి నందలాల్ రావాలన్నది ఆయన కోరిక. కలకత్తాలో తన ప్రియశిష్యుడు తన సమీపంలోనే ఉండాలన్నది అవనీంద్రనాథ్ ఆశ. ఇద్దరు పెద్దల మధ్య కొంతకాలం ఊగిసలాడిన నందలాల్, చివరికి నగరంలోని గుర్తింపును, రాబడిని వదులుకుని ఎర్రమట్టి నేలలోని ఆ ఆశ్రమాన్ని ఎంచుకున్నారు. తరువాత కళాభవన్ బాధ్యత స్వీకరించి 1951 వరకు నిర్వహించారు. ఆయనను అక్కడ అందరూ మాస్టర్‌మొశాయ్ అని పిలిచేవారు.

ఆ విద్యాలయంలో నందలాల్ చదువును మూడు ఆధారాలపై నిలిపారు. మొదటిది ప్రకృతి పరిశీలన. రెండవది సంప్రదాయ జ్ఞానం. మూడవది విద్యార్థి సొంత కల్పన. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా కళ కుంటుపడుతుందని ఆయన విశ్వాసం. విద్యార్థులు తెల్లవారుజామున ఆరుబయట చెట్లను, పశువులను, సంతాల్ గ్రామాలను చూసి గీసేవారు. చూసినదాన్ని ఇంటికి వచ్చి జ్ఞాపకం నుంచి మళ్లీ గీయడం మరొక అభ్యాసం. చెట్టును గీసేటప్పుడు దాని ఆకారాన్ని చుట్టుగీతగా పట్టుకోవడంకన్నా, అది వేరునుంచి కొమ్మదాకా పెరిగిన తీరును చేతితో అనుసరించడం ముఖ్యమని ఆయన నేర్పారు.

నందలాల్ స్వయంగా దీనికి ఉదాహరణగా నిలిచారు. ఎక్కడికి వెళ్లినా చిన్న కార్డులు వెంట ఉంచుకుని కనిపించిన దృశ్యాన్ని కొద్ది గీతల్లో నమోదు చేసేవారు. వాటిని శిష్యులకు, మిత్రులకు ఉత్తరాలుగా పంపేవారు. రైలు స్టేషన్, తాటిచెట్టు, మేక, వర్షంలో నడిచే మనిషి, ఏదైనా ఆ కార్డుపైకి ఎక్కేది. ఈ కార్డులను వరుసగా చూస్తే ఒకే చేతి నుంచి ఎన్ని రకాల గీతలు వచ్చాయో తెలుస్తుంది.

గీతలో వైవిధ్యం ఎందుకు

చిత్రకళలో తొలి అడుగు వేసే విద్యార్థి గీసే గీత సాధారణంగా ఆద్యంతం ఒకే మందంలో ఉంటుంది. తీగను వంచినట్లు ఉండే ఆ గీత ఆకారాన్ని చెబుతుంది తప్ప బరువును, కదలికను, దూరాన్ని చెప్పలేదు. చేతి ఒత్తిడి మారితే మందం మారుతుంది. వేగం మారితే అంచు మారుతుంది. కుంచెలోని తడి మారితే చిక్కదనం మారుతుంది. ఈ మూడు మార్పులను అదుపులోకి తెచ్చుకున్న చిత్రకారుడు ఒక్క నల్లరంగుతోనే రాతిని రాయిగా, నీటిని నీరుగా చూపగలడు.

తెలుగువారికి ఇది కొత్త విషయం కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు వెదురుపుల్లను చెక్కి, మొనకు పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీటిలో పులియబెట్టి తీసిన నల్లరంగులో దాన్ని ముంచుతారు. చుట్టిన గుడ్డను వేళ్లతో ఎంత నొక్కితే అంత రంగు మొనకు దిగుతుంది. దేవతామూర్తి కనుబొమ్మకు ఒక ఒత్తిడి, చీర అంచుకు మరొక ఒత్తిడి. ఇంటి ముంగిట ముగ్గు వేసే ఇల్లాలు కూడా చిటికెడు పిండిని వేళ్ల మధ్య నుంచి జారవిడిచే తీరులోనే గీత మందాన్ని నిర్ణయిస్తుంది. బెంగాల్‌లో ముగ్గును పోలినది అల్పన. నందలాల్ అల్పనను కళాభవన్ పాఠ్యాంశంగా గౌరవించి, పెద్ద చిత్రకారుల పక్కన ఇంటి స్త్రీల చేతిపనికి స్థానం కల్పించారు.

జానపద కళల నుంచి ఆయన నేర్చుకున్నది ఇదే. బెంగాల్ పటువాలు చుట్టచాపల్లా పరిచే పటచిత్రాల్లో, కాళీఘాట్ గుడి వద్ద యాత్రికులకు అమ్మిన బొమ్మల్లో చిత్రకారుడికి తీరికగా దిద్దే సమయం లేదు. చూసేవాడు దూరాన నిలబడతాడు. ఆ రెండు కారణాలవల్ల అక్కడ గీత వెడల్పైంది, సంక్షిప్తమైంది, ధైర్యం పుంజుకుంది. గ్రామీణ కళాకారుడి అవసరం నుంచి పుట్టిన ఆ లక్షణాన్ని నందలాల్ గౌరవంతో స్వీకరించారు.

దండి దారిలో తెల్లని గీత

1930లో సూరత్ జిల్లా పేరు మొదటిసారి నందలాల్ కళతో ముడిపడింది. గాంధీజీ మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుంచి బయలుదేరి, సూరత్ మీదుగా నడిచి, ఏప్రిల్ 6న దండి తీరంలో ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు. నేడు నవసారి జిల్లాలో ఉన్న దండి అప్పట్లో సూరత్ జిల్లాలో భాగం. ఆ సంఘటన స్ఫూర్తితో నందలాల్ అదే సంవత్సరం ఒక లినోకట్ చిత్రం చెక్కారు.

లినోలియం పలకపై పదునైన ఉలితో గీత చెక్కితే, అచ్చు వేసినప్పుడు చెక్కిన చోట కాగితం తెలుపు, మిగిలిన చోట సిరా నలుపు కనిపిస్తుంది. కాగితంపై నల్ల గీత గీసే అలవాటుకు ఇది తలకిందులు. చేతికర్రతో ముందుకు వంగి నడిచే గాంధీజీ రూపం నల్లని నేపథ్యంలోంచి తెల్లని గీతలుగా వెలువడుతుంది. ముఖంలో వివరాలు చాలా తక్కువ. కర్ర పట్టిన చేయి, అడుగు తీసిన కాలు, భుజంపై వస్త్రం, వీటిని చెప్పే కొద్ది గీతలే ఆ మనిషి సంకల్పాన్ని తెలుపుతాయి. అచ్చు చిత్రం కావడంతో ఒకే పలక నుంచి అనేక ప్రతులు తీయడానికి వీలైంది. స్వాతంత్ర్యోద్యమ చిత్రాలలో ఇంతగా జనస్మృతిలో నిలిచినవి కొద్ది.

అదే సంవత్సరం రవీంద్రనాథ్ పిల్లల కోసం రాసిన 'సహజ్ పాఠ్' వాచకానికి కూడా నందలాల్ లినోకట్ బొమ్మలు సమకూర్చారు. అక్షరం నేర్చుకునే బాలుడికి గీత కూడా అప్పుడే పరిచయమైంది. బెంగాలీ కుటుంబాల్లో తరాల తరబడి పిల్లలు ఆ బొమ్మలతోనే చదువు మొదలుపెట్టారు.

హరిపురా పని

కాంగ్రెస్ మహాసభలు నగరాలను విడిచి పల్లెల్లో జరగాలని గాంధీజీ సంకల్పించారు. కళాకారుడు కూడా పల్లె ప్రజలకు అర్థమయ్యే భాషలో మాట్లాడాలని, స్థానికంగా దొరికే వస్తువులే వాడాలని ఆయన ఆకాంక్ష. 1936లో లక్నో మహాసభ సందర్భంగా నందలాల్ భారతీయ కళా ప్రదర్శనను ఏర్పాటు చేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో మహారాష్ట్రలోని ఫైజ్‌పూర్ గ్రామంలో సభా నగరాన్ని వెదురు, గడ్డి వంటి సామగ్రితో అలంకరించారు. ఆ తరువాతి బాధ్యత హరిపురా.

అప్పటికి నందలాల్ వయసు 55 సంవత్సరాలు. అజంతా రేఖ, జపాన్ కుంచె, కాళీఘాట్ పటం ఆయన చేతిలో ఒదిగిపోయి ఉన్నాయి. అయితే హరిపురా పెట్టిన పరీక్ష వేరు. ప్రదర్శనశాలలో చిత్రాన్ని చూడటానికి వచ్చేవారు నిశ్శబ్దంగా, దగ్గరగా నిలబడి చూస్తారు. హరిపురాలో చూసేవారు ఎడ్లబండ్లు దిగి, దుమ్ములో నడుస్తూ, మాట్లాడుకుంటూ, పిల్లలను ఎత్తుకుని దాటిపోయే రైతులు, కూలీలు. చిత్రం ఎండలో, గాలిలో వేలాడాలి. కంటిచూపులో ఒక్క క్షణమే దానికి దక్కుతుంది. ఆ క్షణంలో అది తన మాట చెప్పాలి. అలాగని చవకబారుగా ఉండకూడదు. పల్లె ప్రజల కోసం అన్న కారణంతో కళ స్థాయి తగ్గితే అది ప్రజలను అవమానించడమే అవుతుంది.

చేతితో తయారైన కాగితాన్ని అట్టపై అతికించి, మట్టి రంగులతో ఈ చిత్రాలు రూపొందాయి. సుమారు రెండడుగుల పరిమాణం. చాలా చిత్రాల్లో ఆకృతి చుట్టూ గుడి గూటిని తలపించే వంపుల కమాను ఉంటుంది. ఎర్రమట్టి, పసుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు వంటి కొద్ది రంగులు సమతలంగా పరచుకుంటాయి. వాటిపై వెడల్పాటి కుంచె గీత పరుగెడుతుంది.

ఆ గీతే ఇక్కడ అసలు కథ. డోలు వాయించే మనిషి చిత్రంలో వీపు వంపు, డోలు గుండ్రం ఒకదానికొకటి సమాధానం చెబుతాయి. వాయిద్యం మోత వినబడుతున్నట్లు గీత ఊగుతుంది. దుక్కి దున్నే రైతు చిత్రంలో ఎద్దుల మూపురాలపై గీత బరువుగా, లాగుతున్నట్లు సాగుతుంది. స్త్రీల చిత్రాల్లో చీర మడత వద్ద అదే కుంచె తేలికపడి జారుతుంది. కొన్నిచోట్ల గీత మధ్యలో తెగిపోతుంది. తెగిన భాగాన్ని చూసేవారి కన్ను పూరించుకుంటుంది. ఒకే చిత్రకారుడు, ఒకే కుంచె, ఒకే కాగితం అయినప్పటికీ వృత్తికొక గీత పుట్టింది.

మూలచిత్రాలు 80కి పైగా నందలాల్ స్వయంగా వేశారు. వాటి ఆధారంగా కళాభవన్ కళాకారులు, విద్యార్థులు ప్రతులు తయారుచేయగా మొత్తం చిత్రాల సంఖ్య సుమారు 400కు చేరింది. ఇక్కడ ఒక క్లిష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. ప్రకృతిని నేరుగా చూడమని, సొంతంగా కల్పన చేయమని దశాబ్దానికి పైగా బోధించిన గురువు, శిష్యుల చేత తన చిత్రాలకు ప్రతులు వేయించడం సబబేనా? నకలు తీయడం నుంచి విద్యార్థులను విముక్తి చేయడమే కదా కళాభవన్ ఆశయం?

సమాధానం ఆ గీత స్వభావంలోనే ఉంది. నిదానంగా దిద్దిన సన్నగీతను కింద కాగితం పెట్టి యథాతథంగా ఎక్కించవచ్చు. వేగంగా వేసిన కుంచె గీతను అలా ఎక్కించడానికి ప్రయత్నిస్తే అది చచ్చుబడుతుంది. మొదటి గీత ఎంత వేగంతో, ఎంత ఒత్తిడితో పుట్టిందో రెండవ గీత కూడా అంతే వేగంతో, అంతే ఒత్తిడితో పుట్టాలి. అంటే విద్యార్థి ముందుగా ఆ కదలికను తనలోకి తీసుకోవాలి. రైతు వీపు ఎందుకు అలా వంగిందో తెలియని చేయి ఆ వంపును గీయలేదు. సంతలో, పొలంలో రైతును చూసి గీసిన అభ్యాసం ఉన్న విద్యార్థికే ఆ ప్రతి సాధ్యమవుతుంది. ఈ విధంగా హరిపురా పని విద్యార్థులకు రేఖావైవిధ్యంలో ఒక సామూహిక అభ్యాసంగా మారింది. భారతీయ శిల్పుల కర్మశాలల్లో, కలంకారీ కుటుంబాల్లో చదువు సాగిన పద్ధతి కూడా అదే. గురువు చేతి వెంట శిష్యుడి చేయి నడుస్తుంది. కొన్నాళ్లకు శిష్యుడి చేయి తన దారి తాను చూసుకుంటుంది.

ఆ చిత్రాల్లో నాయకుల బొమ్మలు, నినాదాలు, బానిససంకెళ్లు తెంచుకునే భారతమాత ప్రతీకలు ప్రధానం కాలేదు. శ్రమించే సామాన్యుడే వాటికి నాయకుడు. సభకు వచ్చిన రైతు ద్వారంపై తన రూపాన్నే చూసుకున్నాడు. స్వరాజ్యం ఎవరికోసమో చెప్పడానికి అంతకన్నా సూటి మార్గం లేదు.

బరోడా గోడలు, రాజ్యాంగం పుటలు

హరిపురా తరువాత గుజరాత్‌తో నందలాల్ బంధం మరింత బలపడింది. బరోడా పాలకుడు మూడవ సయాజీరావు గైక్వాడ్ నిర్మించిన కీర్తిమందిర్‌లో 1939 నుంచి 1946 వరకు దఫదఫాలుగా కుడ్యచిత్రాలు వేశారు. గంగావతరణం, మీరాబాయి జీవితం, ఠాగూర్ నాటకం 'నటీర్ పూజ', కురుక్షేత్ర యుద్ధం ఆ గోడలపై రూపుదిద్దుకున్నాయి. అక్కడా శిష్యులు ఆయన పక్కన నిలబడి పనిచేశారు.

స్వాతంత్ర్యానంతరం శిష్యులతో కలిసి చేసిన మరొక మహత్తర కార్యం భారత రాజ్యాంగ మూలప్రతి అలంకరణ. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా చేతిరాతతో సిద్ధమైన ఆ గ్రంథంలోని 22 భాగాలకు నందలాల్, ఆయన శిష్యబృందం చిత్రాలు సమకూర్చారు. ప్రవేశిక పుటను అలంకరించినది ఆయన శిష్యుడు బేవహర్ రామ్‌మనోహర్ సిన్హా. సింధు నాగరికత ముద్రనుంచి స్వాతంత్ర్య పోరాటం వరకు దేశచరిత్ర ఆ పుటల్లో గీతలుగా సాగింది. హరిపురాలో గడ్డి పందిరిపై వేలాడిన కళ, పన్నెండేళ్ల తరువాత దేశపు అత్యున్నత శాసనంలో చోటు సంపాదించుకుంది.

తెలుగు నేలకు చేరిన గీత

బెంగాల్ నవ్యచిత్రకళ తెలుగునాట ముందుగా మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాల ద్వారా వేళ్లూనింది. అక్కడ ప్రమోద్ కుమార్ చటర్జీ ఆచార్యత్వంలో అడివి బాపిరాజు వంటివారు తయారయ్యారు. నందలాల్ వద్ద నేరుగా శిక్షణ పొందిన తెలుగు చిత్రకారులలో ప్రముఖులు కొండపల్లి శేషగిరిరావు. 1924లో ఓరుగల్లు ప్రాంతంలోని పెనుగొండలో జన్మించిన ఆయన, హైదరాబాద్‌లో కళాభ్యాసం తరువాత శాంతినికేతన్ వెళ్లి నందలాల్ శిష్యరికం చేశారు. తిరిగివచ్చి హైదరాబాద్ లలితకళల కళాశాలలో అధ్యాపకులుగా తరువాతి తరాలను తీర్చిదిద్దారు. 2012లో మరణించే వరకు కాకతీయ శిల్పాన్ని, పురాణగాథలను, తెలంగాణ ప్రకృతిని చిత్రిస్తూ వచ్చారు. రామప్ప నర్తకి శిల్పాన్ని కాగితంపై రేఖగా మార్చడంలో శాంతినికేతన్ పాఠం పనిచేసింది.

కళాభవన్ నుంచి వెలువడిన శిష్యుల జాబితా ఆధునిక భారతీయ కళాచరిత్రలో సగం పుటలను నింపగలదు. వినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్, కె.జి. సుబ్రహ్మణ్యన్ ఆ వరుసలోనివారు. సినీ దర్శకుడు సత్యజిత్ రాయ్ కూడా 1940-42 మధ్య అక్కడి విద్యార్థి. వీరిలో ఏ ఇద్దరి గీతా ఒకేలా ఉండదు. గురువు విజయానికి అంతకన్నా గట్టి నిదర్శనం అవసరం లేదు.

చివరి దశ

1951లో కళాభవన్ బాధ్యతల నుంచి విరమించిన తరువాత కూడా నందలాల్ శాంతినికేతన్‌లోనే నివసించారు. 1954లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రదానం చేసింది. విశ్వభారతి దేశికోత్తమ బిరుదుతో సత్కరించింది. వయసు మీదపడినా కార్డులపై బొమ్మలు వేయడం ఆయన మానలేదు. చివరి సంవత్సరాల చిత్రాల్లో రంగు క్రమంగా తప్పుకుని నల్ల సిరా మిగిలింది. 1966 ఏప్రిల్ 16న కలకత్తాలో కన్నుమూశారు.

తరువాతి కాలంలో ఆయన కృతులను ప్రభుత్వం జాతీయ కళాసంపదగా గుర్తించింది. సుమారు 7,000 కృతులు ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళామందిరం సేకరణలో భద్రంగా ఉన్నాయి. హరిపురా చిత్రాలలో అనేకం వాటిలో భాగం. 2019లో వెనిస్ ద్వైవార్షిక కళాప్రదర్శనలోని భారత మండపంలో ఆ చిత్రాలు కొలువుదీరినప్పుడు, కొద్ది రోజుల సభకోసం, మామూలు అట్టలపై, మట్టి రంగులతో వేసిన బొమ్మలను ప్రపంచ నలుమూలల ప్రేక్షకులు తిలకించారు.

సూరత్ పేరు వినగానే నేటి తెలుగువారికి గుర్తుకు వచ్చేవి జరీ, చీరల అంగళ్లు, తెలంగాణ పల్లెల నుంచి వలస వెళ్లిన నేతకార్మికులు నడిపే మరమగ్గాలు. ఆ నగరానికి కొద్ది దూరంలో, తపతి ఒడ్డున ఒకనాడు శ్రమజీవుల రూపాలే స్వాగత తోరణాలయ్యాయి. పరీక్షలు తప్పిన ఒక యువకుడు గీతను నమ్ముకుని సాధించిన ఆ ఫలితం, బొమ్మలు నేర్చుకునే నేటి విద్యార్థులకు ఒక స్పష్టమైన మార్గాన్ని చూపుతుంది. మనిషిని శ్రద్ధగా చూడటం ముందు నేర్చుకోవాలి. ఆ చూపు నిలకడ పొందిన తరువాత చేతిలోని గీతకు బరువు, వేగం, విరామం వాటంతట అవే అలవడతాయి.